తోక తెగిన మాట

సబీనా వారాచి ఉద్యోగం ఒక మాట తోక మీద పోయింది.

అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు. బొలీవియాలో, లా పాజ్‌లోని సైనిక న్యాయస్థానంలో టైపిస్టు. పద్దెనిమిది నిండిన మగపిల్లాడు ఏడాదిపాటు సైన్యంలో గడిపి రావాల్సిందే. లేకపోతే పని దొరకదు, పిల్లనివ్వరు, సొంత మేనమామే మగాడివి కాదు పొమ్మంటాడు. కాబట్టి ఆ కోర్టుకు పనికి కొదవ లేదు. పారిపోయినవాడు, తుపాకీ పోగొట్టుకున్నవాడు, కాపలాలో కునుకు తీసినవాడు. ఆ రోజు వచ్చింది కునుకు తీసినవాడు. పీఠభూమి మీది ఏదో పల్లె నుంచి వచ్చిన కుర్రాడు, ఇంటి భాష ఐమారా. అరచేతులు ప్యాంటు కుట్లకు అతికించుకుని, తనకొచ్చిన స్పానిష్‌లో చెప్పాడు.

"నేను నిద్రపోయినట్టున్నాను, సార్."

సబీనా విన్నది విన్నట్టు కొట్టింది. కోర్టు కార్యదర్శి కెప్టెన్ బల్దివియేసో ఆమె భుజం మీదుగా వంగి చదివాడు. తరిహా నుంచి అప్పుడే బదిలీ మీద వచ్చినవాడు. అక్కడ ద్రాక్షతోటలు, ఎండ, పాటలా సాగే మాట. మా చలి అతనికి పడలేదు, మా మాటా పడలేదు.

"నిద్రపోయినట్టున్నాను ఏమిటి? పోయాడా, పోలేదా?"

"అతను అన్నది అదే, కెప్టెన్ గారూ."

"వాడికి భాష రాక అన్నాడు. నువ్వు సరిచెయ్యి. నిద్రపోయాను. చుక్క పెట్టు."

"అలా సరిచేస్తే అది వేరే మాట అవుతుంది సార్. తెలిసి చేసినవాడు అలా అనడు. కళ్లు మూతపడ్డ సంగతి వాడికి తెలీదు. ఎవరో తన్ని లేపితే తెలిసింది. అందుకని..."

"నాకు పాఠం చెబుతున్నావా, అమ్మాయ్?"

సబీనా చేతులు మిషన్ మీంచి తీసేసింది. కెప్టెన్ ఆమెను లేపి, తనే కూర్చుని, రెండు వేళ్లతో ఒక్కొక్క అక్షరం పొడిచాడు. నిద్రపోయాను. ఆ కుర్రాడికి పద్నాలుగు నెలల జైలు పడింది.

మూడో రోజు కోర్టు గేటు పక్కన బోర్డు మీద కాగితం అంటించారు. టైపిస్టు సబీనా వారాచికి స్పానిష్ భాషా పరిజ్ఞానం చాలనందున విధుల నుంచి తొలగించడమైనది. స్కూల్లో స్పానిష్‌లో మొదటి బహుమతి తెచ్చుకున్న పిల్ల. కానీ ఆ ఐమారా ఇంటిపేరు చూసినవాళ్లెవరికీ కాగితం మీద అనుమానం రాలేదు. వారాచి కదా, రాకపోయి ఉంటుందిలే అనుకున్నారు. తొలగింపు ఉత్తర్వు నకలు ఇవ్వమని ఆమె రోజూ వచ్చి అడిగింది. నకలు లేకుండా ఎక్కడా ఫిర్యాదు చెయ్యడానికి లేదు. రేపు రా అన్నారు, సంతకం కాలేదన్నారు, ముద్ర దొరకలేదన్నారు. పదకొండో రోజు ఆమె బోర్డు మీది కాగితాన్నే చింపి, మడిచి, రవికెలో దోపుకుని వెళ్లిపోయింది. గేటు దగ్గరి సెంట్రీ చూసి కూడా చూడనట్టు ఆకాశం వైపు తిరిగాడు. వాడి ఇంటిపేరూ అలాంటిదే.

ఆ తర్వాత చాలాకాలం ఆమె కోర్టుల వీధిలో పేవ్‌మెంట్ మీద టైపు మిషన్ పెట్టుకుని కూర్చుంది. అక్కడ అలాంటివాళ్లు వరసగా ఉంటారు, గొడుగు కింద స్టూలు, ఒళ్లో శాలువా. అర్జీలు, ఒప్పందాలు, విడాకులు. ఆమె ముందు మాత్రం కుచ్చుల లంగాల తల్లులు బారులు తీరేవాళ్లు. కొడుకు సైన్యంలో ఉన్నాడు, ఉత్తరం లేదు, లాకప్‌లో పెట్టారంటున్నారు. ఆ తల్లులు ఐమారాలో చెబితే తోకలు తెగకుండా స్పానిష్‌లో రాసేది ఆమె ఒక్కతే. పగలు టైపు, సాయంత్రం ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం. ఐదేళ్ల చదువు తొమ్మిదేళ్లు పట్టింది. పట్టా చేతికొచ్చిన నాటి నుంచి, మా దగ్గర వకీళ్లందరినీ పిలిచినట్టే, ఆమెను కూడా డాక్టరమ్మా అనసాగారు.

ఊరి పైన గట్టు మీది ఎల్ ఆల్తోలో వేయించిన కోడి అమ్మే కొట్టు పైన ఒక గది తీసుకుంది. కాగితాలన్నీ నూనె వాసన కొట్టేవి. ఆమె వేసిన అర్జీ ఏదో కళ్లు మూసుకుని వాసన చూసి చెప్పొచ్చని గుమస్తాలు నవ్వుకునేవారు. టేబుల్ అద్దం కింద, బోర్డు మీంచి చింపుకొచ్చిన కాగితం. ఎవరైనా అదేమిటని అడిగితే, "నా మొదటి పట్టా," అనేది.

ఆమె దగ్గరికి వచ్చిన సైనికుణ్ణి ఏం జరిగిందని ఎప్పుడూ అడగదు. "నీకెవరు చెప్పారు?" అని అడుగుతుంది. వాడు తెల్లబోతాడు. తర్వాత గది అద్దెకిచ్చిన ఇంటావిడను పిలిచి, ఆవిడ ఒళ్లో తొక్క తియ్యడానికి బంగాళాదుంపల గిన్నె పెట్టి, కుర్రాణ్ణి ఆవిడకు కథంతా ఐమారాలో చెప్పమంటుంది. తను కిటికీ వైపు తిరిగి వింటుంది. మా పీఠభూమి మీద మనుషులు చూసినదాన్నీ చూడనిదాన్నీ ఒకే గాటన కట్టరు. చూసినదానికి ఒక తీరు, తర్వాత తెలిసినదానికి ఒక తీరు, ఎవరో చెప్పినదానికి ఇంకో తీరు. ఐమారా రాని వాళ్లు కూడా ఇక్కడ పదేళ్లు బతికితే స్పానిష్‌లో అలాగే మాట్లాడతారు. సబీనా ఆ తోకలు ఎక్కడ మారాయో వింటుంది. అక్కడే కేసు ఉంటుంది. అబద్ధం కూడా అక్కడే దొరుకుతుంది. ఒకసారి తుపాకీ అమ్ముకున్నవాడు, "అది పోయినట్టుంది" అనాల్సిన చోట "పోయింది" అన్నాడు. ఆమె ఫైలు మూసి, "బాబూ, ఎవరికమ్మావో చెప్పు, అప్పుడు మొదలుపెడదాం," అంది.

ఎన్నో కేసులు. గెలిచినవి సగం కన్నా తక్కువ. అధికారుల ముందు ఒక సామాన్య సైనికుడి తరఫున ఆమాత్రం గెలవడమే గొప్ప అని సాటి వకీళ్లు అనేవారు. అలా అన్నవాళ్లెవరూ ఆ కేసులు ముట్టుకునేవారు కాదు.

విల్దర్ లరూతా కేసు 2005లో వచ్చింది.

పంతొమ్మిదేళ్లు. రెండు రోజులుగా కాపలా మార్చలేదు. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తి మీద, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని స్నేహితుడు రూబెన్ అపాసా గిన్నెలో చారు పట్టుకొచ్చాడు. తుపాకీ పేలింది. రూబెన్ చనిపోయాడు. చూసినవాడు లేడు. వారం ముందు ఇద్దరూ ఒక దుప్పటి కోసం కొట్టుకున్నారని సార్జెంటు చెప్పాడు. సార్జెంటే రాసుకున్న మొదటి వాంగ్మూలంలో ఒకే ఒక్క వాక్యం: నేను రూబెన్ మీద తుపాకీ పేల్చాను. కింద విల్దర్ వేలిముద్ర, సంతకం చెయ్యడం వచ్చినవాడిదే. హత్య అని రుజువైతే ముప్పై ఏళ్లు.

కోడి కొట్టు పైకి విల్దర్ రాలేడు కాబట్టి సబీనా లాకప్‌కే వెళ్లింది. ఇంటావిడను కూడా తీసుకెళ్లింది, పిన్నినని చెప్పించి. విల్దర్ ఐమారాలో మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ తోక ఒక్కచోటే పడింది. నిద్రపోయినట్టున్నాను. పేల్చినట్టున్నాను. బయటికొచ్చాక ఇంటావిడ శాలువా సర్దుకుంటూ, "పాపం, వీడు అసలు అక్కడ లేడే," అంది. సబీనాకు కావలసింది అంతే.

విచారణకు ముందురోజు మళ్లీ వెళ్లింది. ఎనిమిది నెలల జైలు విల్దర్‌ను సన్నబరిచింది. కానీ ముఖంలో ఒక గర్వం.

"డాక్టరమ్మా, జైలుకొచ్చే చర్చి ఫాదర్ నాకు వ్యాకరణం పుస్తకం ఇచ్చాడు. మంచి స్పానిష్ నేర్చుకున్నాను. రేపు చూడండి."

సబీనా అతనికి దగ్గరగా వంగింది.

"ఏం చూడను? నువ్వు మీ అమ్మతో మాట్లాడినట్టే మాట్లాడు. ఒక్క మాట కూడా బాగు చెయ్యకు."

"అలా మాట్లాడితే నవ్వుతారండీ. ఉన్నట్టున్నాను, చేసినట్టున్నాను అంటే సార్జెంటు డొక్కలో తన్నేవాడు. తుపాకీ తుడిచినట్టున్నావా, తుడిచావా అని. మగాడిలా సూటిగా చెప్పమన్నాడు."

"నవ్వనీ. నవ్వినవాళ్లు మధ్యాహ్నం భోజనానికి ఇళ్లకు పోతారు. నువ్వు ముప్పై ఏళ్లు లోపలికి పోతావు. అర్థమైందా?"

"అర్థమైంది డాక్టరమ్మా," అన్నాడు. తల ఊపిన తీరు చూస్తే ఆమెకు నమ్మకం కలగలేదు.

కోర్టు గదిలో పదహారేళ్ల కిందటి చలే ఉంది. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల, శిలువ, జెండా. బల్ల వెనక ముగ్గురు. కుడివైపు ఒక లెఫ్టినెంట్ కర్నల్, పొద్దుటి నుంచి నోరు విప్పలేదు. ఎడమవైపు మేజర్ కిస్బెర్త్. మధ్యలో, అధ్యక్ష స్థానంలో, కర్నల్ బల్దివియేసో. జుట్టు నెరిసింది, నడుం లావైంది. సబీనా వైపు చూసి మర్యాదగా తల పంకించాడు. గుర్తుపట్టలేదు. ఆ పని అతనికి గుర్తుంచుకునేంత పెద్దది కాదు మరి. సబీనా సంచిలో ఆ కాగితం ఉంది. పొద్దున అద్దం ఎత్తి ఎందుకు తీసిందో ఆమెకే తెలీదు.

ప్రాసిక్యూటర్ లేచాడు. "రూబెన్ అపాసా మీద తుపాకీ పేల్చిందెవరు?"

విల్దర్ మడమలు టక్కున కలిపాడు. గడ్డం ఎత్తాడు. ఒక్క తడబాటు లేదు, ఒక్క యాస లేదు.

"నేను పేల్చాను, సార్!"

టైపు మిషన్ చప్పుడు. ఒక్క వాక్యం, చుక్క. విల్దర్ సబీనా వైపు చూశాడు, ఎలా ఉంది అన్నట్టు.

ఆమె లేచి ఐమారా దుబాసీని అడిగింది. కర్నల్ నవ్వాడు.

"దుబాసీ ఎందుకు డాక్టరమ్మా? మీ క్లయింటు నాకన్నా మంచి స్పానిష్ మాట్లాడుతున్నాడు."

గదిలో నవ్వులు. విల్దర్ కూడా సిగ్గుగా నవ్వాడు. మెచ్చుకున్నారనుకున్నాడు.

"లరూతా," అంది సబీనా, "పేలడానికి ముందు నువ్వు చూసిందేమిటి?"

"గోడ అండీ."

"తర్వాత చూసింది?"

"రూబెన్ కింద ఉన్నాడు."

"మధ్యలో?"

విల్దర్ నోరు తెరిచాడు. వ్యాకరణం పుస్తకంలో ఆ మధ్యకు మాట లేదు. "మధ్యలో... పేల్చాను."

"సమాధానం వచ్చింది," అన్నాడు కర్నల్. "కూర్చోండి."

ఆ క్షణంలో సబీనా చెయ్యి సంచిలోకి వెళ్లింది. వేళ్లకు కాగితం మడత తగిలింది. దాన్ని ఆకుపచ్చ గుడ్డ మీద పరిచి, ఇదే గదిలో ఇదే తోక మీరు కోశారు, మీకు తీర్పు చెప్పే అర్హత లేదు అనొచ్చు. పదహారేళ్లు కూడబెట్టిన మాట. ముగ్గురి మొహాలూ మాడిపోయేవి. కానీ ఆ మాట అన్న మరుక్షణం కేసు సబీనా వారాచిది అయిపోతుంది. విల్దర్ మూలన నిలబడి ముప్పై ఏళ్లు మోస్తాడు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

ప్రాసిక్యూటర్ దుప్పటి తగాదా చెప్పించడానికి రూబెన్ తల్లిని పిలిచాడు. ఫోర్తునాతా అనే ఆవిడ. టోపీ చేత్తో పట్టుకుని నడిచొచ్చింది. కర్నల్ వైపు తిరగమని సెంట్రీ చూపించాడు. ఆవిడ తిరగలేదు. విల్దర్ ముందు ఆగింది. ఐమారాలో అడిగింది.

"బాబూ, నా కొడుకు నీకు తిండి తెచ్చాడు కదా. ఎలా పోయాడు?"

"సాక్షి కోర్టుతో మాట్లాడాలి!" కర్నల్ బల్ల చరిచాడు.

విల్దర్‌కు వినపడలేదు. మడమలు విడిపోయాయి, భుజాలు కుంగాయి. నోట్లోంచి వచ్చింది వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న మాట.

"అమ్మా, నిద్రపోయినట్టున్నాను. కలలో అనుకున్నాను చప్పుడు. కళ్లు తెరిస్తే చారు ఒలికిపోయి ఉంది. పేల్చినట్టున్నానమ్మా. నేనేనట. అందరూ చెబుతున్నారు. వాడికి దుప్పటి ఇచ్చేశాను, ముందురోజే ఇచ్చేశాను."

దుప్పటి ఇచ్చేశాను. ఆ మాటకు తోక లేదు. అది తను చేసిన పని, తనకు తెలుసు.

తల్లి అతని మొహంలోకి చాలాసేపు చూసింది. సబీనా కదల్లేదు. ఇప్పుడు తను ఒక్క మాటన్నా వకీలు చెప్పించినట్టవుతుంది. ఫోర్తునాతా మెల్లిగా బల్ల వైపు తిరిగి, విరిగిన స్పానిష్‌లో అంది.

"వీడు చూడలేదయ్యా. చూసినవాడు ఇలా అనడు."

"ఏమంటోంది ఈవిడ?" కర్నల్ విసుక్కున్నాడు. "ఇది రికార్డులోకి ఎక్కించొద్దు."

అప్పుడు మేజర్ కిస్బెర్త్ కుర్చీ కిర్రుమంది. అతని తాత ఇంటిపేరు కిస్పే, ఐమారా పేరు. ఊళ్లో మా వాళ్లు చాలామంది చేసినట్టే, తాత ఏదో ఒకనాడు దానికి కాస్త తెల్లరంగు పూసి కిస్బెర్త్ చేసుకున్నాడు. ఇరవై ఏళ్ల నౌకరీలో మేజర్ నోట ఒక్క ఐమారా ముక్క ఎవరూ వినలేదు. అతను బల్ల మీది గుడ్డ వైపే చూస్తూ, చిన్నపిల్లాడి ఐమారాలో, మాట మాటకూ వెతుక్కుంటూ అన్నాడు.

"అమ్మా, వాణ్ణి ఆ మాట మళ్లీ చెప్పమనండి. నెమ్మదిగా."

కర్నల్ అతని వైపు పూర్తిగా తిరిగాడు. "మేజర్?"

"ఇది రికార్డులో ఎక్కాలి, కర్నల్ గారు. తర్జుమా నేను చేస్తాను."

"మీకు ఈ భాష వచ్చా?"

మేజర్ మెడ ఎర్రబడింది. "మా అమ్మకు వచ్చు సార్," అన్నాడు. గుడ్డ మీంచి తలెత్తి, "నాకూ వచ్చు."

విల్దర్ మళ్లీ చెప్పాడు. మేజర్ తర్జుమా చేశాడు. టైపిస్టు ఆగి, "పేల్చాను అని కొట్టనా సార్, పేల్చినట్టున్నాను అనా?" అని అడిగాడు. గదిలో అందరూ కర్నల్ వైపు చూశారు. కర్నల్ టైపిస్టును చూశాడు, తర్వాత ఎందుకో సబీనాను చూశాడు. ఈసారి చూపు ఆమె మొహం మీద నిలిచిపోయింది. దేన్నో వెతుక్కున్నట్టు కనురెప్పలు రెండుసార్లు కొట్టుకున్నాయి.

"విన్నది విన్నట్టు," అన్నాడు మేజర్.

టైపిస్టు కొట్టాడు.

తీర్పులో ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు. నోరు విప్పని లెఫ్టినెంట్ కర్నల్ మేజర్ వైపు ఓటేశాడు. కర్నల్ ఓటు హత్యకే. నిర్లక్ష్యం వల్ల మరణమని తేల్చి పదహారు నెలలు వేశారు. అప్పటికే ఎనిమిది గడిచాయి. రెండు రోజులు కాపలా మార్చని సార్జెంటు మీద ఒక్క అక్షరం కూడా లేదు, అది వేరే సంగతి. మేజర్‌ను ఆ ఏడాదే అడవి సరిహద్దుకు బదిలీ చేశారు. అలాంటివి యాదృచ్ఛికంగా జరుగుతాయట. విల్దర్ విడుదలయ్యాక ఫోర్తునాతా ఇంటికి వెళ్లాడని, ఆవిడ తలుపు తియ్యలేదని, అతను వాకిట్లో ఒక కొత్త దుప్పటి పెట్టి వచ్చేశాడని సబీనా విన్నది. విన్నదే, చూడలేదు.

తర్వాత పదేళ్లు అవే కేసులు, అదే నూనె వాసన. ఆమె ఏనాడూ జడ్జి కాలేదు. ఏ సంఘమూ శాలువా కప్పలేదు. వాంగ్మూలం సైనికుడు మాట్లాడిన మాటల్లోనే రాయాలని, అర్థం కాకపోతే దుబాసీని పిలవాలని ఆమె వేసిన అర్జీల్లో తొమ్మిది కొట్టేశారు, పదోది తీసుకున్నారు.

2015లో ఒక ఆదివారం పొద్దున ఎల్ ఆల్తో నుంచి కిందికి కేబుల్ కారులో దిగుతోంది. తలుపు మూసుకోబోతుండగా ఒక ముసలాయన చేతికర్ర అడ్డుపెట్టి ఎక్కాడు. చేతిలో రొట్టెల సంచి. ఎదురు సీట్లో కూర్చుని ఊపిరి తీసుకుని తలెత్తాడు. బల్దివియేసో. పెట్టెలో ఇంకెవరూ లేరు. కింద ఇటుక ఇళ్లు, ఆరేసిన బట్టలు, కుక్కలు. కింది స్టేషన్ చేరేదాకా దిగడానికి లేదు.

సగం దారి దాకా ఇద్దరూ కిటికీలోంచి చూశారు. ఒక స్తంభం దగ్గర పెట్టె ఊగింది. ఆయన కర్ర జారిపడింది. సబీనా తీసి ఇచ్చింది.

"మీరు డాక్టర్ వారాచి."

"అవును."

"ఆ లరూతా కేసు రోజు మిమ్మల్ని ఎక్కడో చూశాననుకున్నాను. ఇంటికెళ్లాక గుర్తొచ్చింది. టైపు మిషన్ దగ్గర అమ్మాయి." రొట్టెల సంచి నోరు బిగించి పట్టుకున్నాడు. మా ఊరి నీళ్లు ఇరవై ఆరేళ్లు తాగాడు. తరిహా పాట ఎప్పుడో పోయింది. మాట పూర్తిగా మా మాటే అయిపోయింది. "గేటు దగ్గర కాగితం కూడా... అప్పుడు చిన్నవాణ్ణి. పదేళ్లుగా చెబుదామనుకుంటున్నాను, డాక్టరమ్మా. మీకు నేను అన్యాయం చేసినట్టున్నాను."

పెట్టె స్టేషన్లోకి దిగుతోంది. సబీనా లేచి, సంచి భుజాన వేసుకుని, తలుపు పక్కన కడ్డీ పట్టుకుంది.

"ఆ తోక మీకు చెల్లదు, కర్నల్ గారు," అంది. "మీరు మెలకువగానే ఉన్నారు. చేశాను అనండి."